ఒక పేరు వెనుక పది జాతులు

జర్మనీలోని యేనా నగరానికి చెందిన పండితుడు యోహాన్ వాల్ష్ 1775లో ఒక సీతాకోకచిలుకను వర్ణించి, దానికి ఫుల్గెరేటర్ అని పేరు పెట్టాడు. మెరుపు అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి వచ్చిన మాట అది. పేరు చక్కగా అతికింది. ముదురు గోధుమరంగు రెక్కలు, ముందు రెక్కల మీద తెల్లటి పట్టీ, ఒంటిని ఆనుకుని నెమలికంఠపు నీలం. ఎండలో ఎగిరితే ఆ నీలం తళుక్కుమంటుంది. అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణపు అంచు నుంచి అర్జెంటీనా ఉత్తర భాగం దాకా కనిపించే మామూలు సీతాకోకచిలుక ఇది. తర్వాతి కాలంలో దీన్ని అస్ట్రాప్టెస్ అనే ప్రజాతిలో చేర్చారు. రెండు శతాబ్దాలకు పైగా శాస్త్రలోకం దీన్ని ఒకే జాతిగా లెక్కించింది.

2004 అక్టోబరులో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో ఒక పరిశోధన వ్యాసం వెలువడింది. కోస్టారికా వాయవ్య మూలనున్న ఒక్క అడవిలోనే ఆ పేరు కింద కనీసం పది జాతులు కలిసి బతుకుతున్నాయని దాని సారాంశం. డీఎన్ఏ బార్‌కోడింగ్ అనే పద్ధతికి లోకంలో గుర్తింపు తెచ్చిన ఉదంతాల్లో ఇది ముఖ్యమైనది. ఈ కథను సాధారణంగా ప్రయోగశాల విజయంగా చెబుతారు. దాని మూలాలు మాత్రం ప్రయోగశాలలో లేవు. పాతికేళ్లపాటు అడవిలో గొంగళిపురుగులను ఏరి, పెంచి, ఏది ఏ ఆకు తిన్నదో రాసి పెట్టిన మనుషుల పుస్తకాల్లో ఉన్నాయి. ఆ క్రమంలోనే ఈ చరిత్రను చూడాలి.

పేర్లు పెట్టడం ఎందుకు వెనకబడింది

జంతువులకు రెండు మాటల లాటిన్ పేర్లు పెట్టే పద్ధతికి స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో ప్రచురించిన సిస్టెమా నేచురే పదో కూర్పు ఆధారం. అందులో నమోదైన జంతు జాతులన్నీ కలిపి నాలుగు వేల పైచిలుకు. నేటికి పేరు పెట్టిన కీటక జాతులే సుమారు 10 లక్షలున్నాయి. పేరు పెట్టనివి ఎన్ని? స్మిత్సోనియన్ సంస్థ శాస్త్రవేత్త టెర్రీ ఎర్విన్ పనామా అడవిలో ఒకే జాతికి చెందిన 19 చెట్ల మీద పురుగుమందు పొగ పట్టించి, రాలిన పెంకు పురుగులను లెక్కపెట్టాడు. దాదాపు 1,200 జాతులు తేలాయి. దాని ఆధారంగా ఉష్ణమండలంలో కీటకాలూ వాటి దగ్గరి బంధువులూ కలిపి 3 కోట్ల జాతులు ఉండవచ్చని 1982లో రాశాడు. ఆ అంకె తర్వాత బాగా తగ్గింది. కీటకాలు 55 లక్షల జాతులని 2018లో వచ్చిన ఒక అంచనా. తగ్గించిన లెక్క ప్రకారం చూసినా, మనం పేరు పెట్టినవి అయిదింట ఒక వంతే.

ఈ వెనకబాటుకు కారణం శాస్త్రవేత్తల అలసత్వం కాదు, పని స్వభావం. కీటకాల వర్గీకరణ రూపం మీద నడిచింది. రెక్కల్లో ఈనెలు, కాళ్ల మీద ముళ్లు, మీసాల్లో కణుపులు, అన్నిటికంటే ముఖ్యంగా జననాంగాల నిర్మాణం. వీటిని సూక్ష్మదర్శిని కింద చదవగలిగే నిపుణుడు తయారు కావడానికి దశాబ్దాలు పడుతుంది. అంతటి నిపుణుడికి కూడా ఒక చిన్న కుటుంబంలోనే అధికారం ఉంటుంది. ఈగలు తెలిసినవారికి కందిరీగలు తెలియవు. పైగా గొంగళిపురుగుకీ దాని నుంచి వచ్చే సీతాకోకచిలుకకీ రూపంలో పోలికే ఉండదు. గుడ్డును, పురుగును, కాలు విరిగిన నమూనాను రూపం చూసి గుర్తుపట్టడం చాలాసార్లు అసాధ్యం.

శాంటా రోసా అడవి

కోస్టారికాలోని గ్వానకాస్తె ప్రాంతంలో శాంటా రోసా అనే పాత పశువుల ఎస్టేటు ఉంది. 1856లో అమెరికాకు చెందిన కిరాయి సేనాని విలియం వాకర్ పంపిన దండయాత్రా సేనను కోస్టారికా సైన్యం ఓడించింది అక్కడే. ఆ యుద్ధభూమిని, చుట్టూ ఉన్న పొడి అడవిని కలిపి 1971లో జాతీయ ఉద్యానవనం చేశారు. పొడి అడవి అంటే ఏడాదిలో కొన్ని నెలలు చినుకు పడక, ఆకు రాల్చి నిలిచే అడవి. మన నల్లమల చూసినవారికి ఆ దృశ్యం కొత్త కాదు.

అమెరికా జీవావరణ శాస్త్రవేత్త డేనియల్ జాన్జెన్ 1960ల నుంచే మధ్య అమెరికా అడవుల్లో పనిచేస్తున్నాడు. 1978లో శాంటా రోసాలో ఒక లోయలో జారిపడి పక్కటెముకలు విరగ్గొట్టుకున్నాడు. కదలలేక కుర్చీకే పరిమితమైన ఆ రోజుల్లో, రాత్రిపూట దీపం చుట్టూ మూగే చిమ్మటలను చూస్తూ గడిపాడు. ఇన్ని రకాలు ఎక్కడి నుంచి వస్తున్నాయి, వీటి పిల్లలు ఏ ఆకులు తింటున్నాయి అన్న ప్రశ్న ఆ కుర్చీలో పుట్టింది. ఆ ఏడాదే అడవిలోని గొంగళిపురుగులన్నిటినీ నమోదు చేసే పని మొదలైంది. అదే కాలంలో వచ్చి చేరిన జీవశాస్త్రవేత్త విన్నీ హాల్‌వాక్స్ ఆ పనికీ, జాన్జెన్ జీవితానికీ భాగస్వామి అయింది.

పద్ధతి చూడటానికి చాలా సాదా. అడవిలో ఆకు మీద గొంగళిపురుగు కనబడితే, దాన్ని ఆ ఆకుతో సహా ప్లాస్టిక్ సంచిలో వేసి తెస్తారు. సంచిని తీగకు వేలాడదీసి, రోజూ అదే చెట్టు ఆకు వేసి పెంచుతారు. ప్రతి పురుగుకూ ఒక సంఖ్య ఉంటుంది: దొరికిన ఏడాది, శాంటా రోసా పొడి అక్షరాలు, వరుస సంఖ్య. ఆ సంఖ్య ఎదురుగా దొరికిన చోటు, తేదీ, తిన్న మొక్క, పట్టినవారి పేరు రాస్తారు. చివరికి సంచిలోంచి సీతాకోకచిలుక రావచ్చు, లేదా ఆ పురుగును లోపలినుంచి తినేసిన కందిరీగలో ఈగలో రావచ్చు. వచ్చినదాన్ని సూదికి గుచ్చి, అదే సంఖ్య తగిలించి భద్రపరుస్తారు.

ఈ పని ఇద్దరు చేయగలిగేది కాదు. 1989లో చుట్టుపక్కల పల్లెల నుంచి స్త్రీపురుషులను తీసుకుని శిక్షణ ఇచ్చారు. పొలం పనులు, ఇంటి పనులు చేసుకుంటూ వచ్చినవారు. చాలామందికి పై చదువులు లేవు. వైద్యంలో పారామెడిక్ అనే మాట ఉన్నట్టే, వీరికి పారాటాక్సానమిస్టులని పేరు పెట్టారు. అడవి వారికి పుట్టిన ఊరు. ఏ చెట్టు ఎప్పుడు చిగురిస్తుందో, ఏ ఆకు మడత వెనుక ఏ పురుగు దాగుతుందో చెప్పగలిగిన ఆ జ్ఞానానికి నోటుపుస్తకం తోడయింది. వారి చేతుల మీదుగా పెరిగిన పురుగుల లెక్క ఏళ్లు గడిచేకొద్దీ లక్షలకు చేరింది. పాత ఎస్టేటు చుట్టూ గడ్డిభూములను కొని, నిప్పు రాకుండా కాపాడి, అడవిని తిరిగి పెరగనివ్వడంతో అది గ్వానకాస్తె సంరక్షణ ప్రాంతమైంది. పొడి అడవి, వాన అడవి, మబ్బు అడవి ఒకే సరిహద్దులోకి వచ్చిన ఆ నేలను 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

ఈ నోటుపుస్తకాల్లోనే ఫుల్గెరేటర్ చిక్కు బయటపడింది. పాతికేళ్లలో ఆ పేరుకు చెందిన గొంగళిపురుగులను రెండున్నర వేలకు పైగా పెంచారు. వాటిలో కొన్ని ట్రైగోనియా తీగ మీద, కొన్ని సెల్టిస్ చెట్టు మీద, కొన్ని మన తంగేడు చేరిన సెన్నా ప్రజాతి మొక్కల మీద దొరికాయి. పురుగుల రంగులూ గుర్తులూ కూడా ఒకలా లేవు. తీరా రెక్కలు వచ్చాక మాత్రం అన్నీ ఇంచుమించు ఒకే సీతాకోకచిలుక. స్మిత్సోనియన్‌లో ఈ సీతాకోకచిలుకల కుటుంబానికి నిపుణుడైన జాన్ బర్న్స్ జననాంగాలను కోసి పోల్చాడు. తేడా దొరకలేదు. వర్గీకరణ శాస్త్రం అంతవరకు నమ్మిన ప్రధాన సాక్ష్యం ఒకే జాతి అంటోంది. పల్లెవాళ్ల పుస్తకం కాదంటోంది.

గ్వెల్ఫ్ నుంచి వచ్చిన పద్ధతి

కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో పాల్ హెబర్ట్ అనే జన్యుశాస్త్రవేత్తకు చిమ్మటలంటే చిన్ననాటి ఇష్టం. దుకాణంలో ప్రతి సరుకు పొట్లం మీద ఉండే నల్లగీతల వంటి గుర్తు ప్రతి జీవి లోపలా ఉంటుందా అన్నది ఆయన ఆలోచన. 2003లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో తన సహచరులతో కలిసి ఒక ప్రతిపాదన ప్రచురించాడు. జంతువులన్నిటికీ ఒకే జన్యువులోని ఒకే ముక్కను చదివితే జాతిని గుర్తించవచ్చన్నాడు. దగ్గరి బంధుత్వమున్న 200 జాతుల చిమ్మటల మీద పరీక్షిస్తే ఒక్కటీ తప్పలేదు.

ఆ ముక్క సైటోక్రోమ్ ఆక్సిడేజ్ 1 అనే జన్యువులోనిది. కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో అది ఉంటుంది. ఒక్కో కణంలో మైటోకాండ్రియా డీఎన్ఏ ప్రతులు వందలు, వేలు ఉంటాయి కనుక ఎండిపోయిన కీటకపు ఒక్క కాలు చాలు, చదవడానికి కావలసినంత దొరుకుతుంది. ఆ ముక్క పొడవు 658 డీఎన్ఏ అక్షరాలు. దాని రెండు కొసలూ చాలా జంతువుల్లో దాదాపు మారకుండా ఉంటాయి. వాటిని పట్టుకునే రసాయన కొక్కేలను 1994లోనే ఫోల్మర్ బృందం సముద్ర జీవుల పరిశోధన కోసం తయారుచేసింది. నడిమి భాగంలో మాత్రం అక్షరాలు మారుతూ ఉంటాయి. మూడేసి అక్షరాలు ఒక మాటగా చదివే జన్యుభాషలో మూడో అక్షరం మారినా చాలాసార్లు అర్థం మారదు. అర్థం చెడని తప్పును ప్రకృతి ఏరివేయదు. అలాంటివి తరతరాలుగా పోగవుతాయి.

తాళపత్ర ప్రతులను పరిష్కరించిన పండితులకు ఈ తర్కం పరిచితమే. వేమన పద్యాలనో భారత పర్వాన్నో పరిష్కరించేటప్పుడు వారు పాఠాంతరాలను పక్కపక్కన పెట్టేవారు. ఒకే రాతతప్పును పంచుకున్న ప్రతులు ఒకే మాతృక నుంచి దిగినవని తేల్చేవారు. బార్‌కోడింగ్ చేసేది కూడా అదే. ఒకే జాతిలోని జీవుల మధ్య తేడా సాధారణంగా చాలా తక్కువ. వేర్వేరు జాతుల మధ్య అది చాలాసార్లు నూటికి రెండు అక్షరాలు దాటుతుంది. ఆ రెంటి మధ్య ఉన్న ఖాళీయే ఈ పద్ధతికి ఆధారం.

2003లోనే గ్వానకాస్తె నమూనాల కాళ్లు గ్వెల్ఫ్‌కు ప్రయాణం కట్టాయి. ఫుల్గెరేటర్ నమూనాలు కొన్ని వందలు చదివితే, అక్షరాల వరుసలు పది గుంపులుగా విడిపోయాయి. ప్రతి నమూనా సంఖ్యకు ఎదురుగా పుస్తకంలో ఉన్న మొక్క పేరు వేసి చూశారు. గుంపులు చాలావరకు మొక్కలతోనూ, గొంగళిపురుగు రంగులతోనూ, కొంతవరకు అడవి రకంతోనూ సరిపోయాయి. ట్రైగోనియా తినేదానికి ట్రైగో అని, సెల్టిస్ తినేదానికి సెల్ట్ అని తాత్కాలిక పేర్లు పెట్టి, హెబర్ట్, బర్న్స్, జాన్జెన్, హాల్‌వాక్స్‌తో పాటు ఎరిన్ పెంటన్ పేర్లతో ఆ వ్యాసం వెలువడింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పెంపకపు వివరాలు లేకుండా, వలలో పట్టిన సీతాకోకచిలుకల కాళ్లు మాత్రమే గ్వెల్ఫ్‌కు వెళ్లి ఉంటే పది గుంపులు కనిపించేవే. అవి జాతులా, ఒకే జాతిలోని వంశాలా అని తేల్చడానికి మాత్రం సాక్ష్యం ఉండేది కాదు. అక్షరాలకు సాక్ష్యబలం ఇచ్చింది ఆకులు.

వాదాలు, వాటి ఫలితం

ఈ పద్ధతిని వ్యతిరేకించినవారు చిన్నవారు కాదు, వారి వాదాలూ చిన్నవి కాదు. కీటక శాస్త్రవేత్త ఆండ్రూ బ్రోవర్ 2006లో అదే ఫుల్గెరేటర్ సమాచారాన్ని తిరిగి విశ్లేషించి, సాక్ష్యం మూడు నుంచి ఏడు జాతులకే సరిపోతుందని రాశాడు. పదింటిలో కొన్ని గుంపుల మధ్య తేడా నూటికి ఒక అక్షరం కూడా లేకపోవడం ఆయన అభ్యంతరానికి ఒక కారణం. అదే ఏడాది రుడాల్ఫ్ మయర్ బృందం ఈగలు, దోమల క్రమానికి చెందిన వరుసలను పరీక్షించి, గుర్తింపు నూటికి 70 లోపే సరిగా వస్తోందని చూపింది. మైటోకాండ్రియా తల్లి నుంచి మాత్రమే వస్తుంది. కాబట్టి అది చెప్పేది తల్లుల చరిత్ర. జాతులు కలిసి సంకరం జరిగినా, వోల్బాకియా వంటి బ్యాక్టీరియా తల్లి వంశం ద్వారా వ్యాపించినా, ఆ చరిత్ర జాతి చరిత్రతో విడిపోతుంది. గ్రంథమంతా చదవకుండా ఒక్క పుట చూసి గ్రంథకర్తను నిర్ణయించడమే ఇది అన్నది విమర్శ సారాంశం.

విమర్శలో న్యాయముంది. అందుకు గ్వానకాస్తె బృందం ఇచ్చిన గట్టి సమాధానం 2017లో వచ్చింది. ఉడ్రనోమియా కిక్కవాయి అనే మరో సీతాకోకచిలుక బార్‌కోడ్‌లో, అడవి రకంలో మూడుగా విడిపోతుంటే, ఈసారి కేంద్రకంలోని జీనోమ్ మొత్తాన్ని చదివారు. అంటే గ్రంథమంతా చదివారు. మూడూ వేర్వేరు జాతులేనని తేలింది. వెనిజులాలో సేకరించిన వందేళ్ల నాటి మూల నమూనాల నుంచి కూడా బార్‌కోడ్ తీసి, పాత పేరు మూడింటిలో దేనికి చెందుతుందో నిర్ణయించారు. ఫుల్గెరేటర్ గుంపులకు 2010లో శాస్త్రీయ నియమాల ప్రకారం పేర్లు పెట్టింది ఎవరో కాదు, ఆ పదింటిని శంకించిన బ్రోవరే. తాత్కాలిక పేర్లతో జాతులను వదిలేయడం శాస్త్రానికి మంచిది కాదన్నది ఆయన పట్టుదల. విమర్శకుడి చేతిలో ఒక పని పూర్తి కావడం విజ్ఞాన చరిత్రలో గౌరవించదగిన ఘట్టం.

సీతాకోకచిలుకల కంటే పెద్ద ఆశ్చర్యం గొంగళిపురుగుల సంచుల్లోంచి వచ్చిన కందిరీగలది. మైక్రోగాస్ట్రినే అనే ఉపకుటుంబానికి చెందిన ఈ చిన్న కందిరీగలు గొంగళిపురుగుల ఒంట్లో గుడ్లు పెడతాయి. రూపం చూసి 171 జాతులనుకున్నవి, బార్‌కోడ్, ఆతిథేయ పురుగు, రూపం మూడూ కలిపి చూశాక 313 అయ్యాయని 2008లో ప్రకటించారు. వాటిలో అత్యధికం ఒకటి రెండు రకాల పురుగులనే వేటాడేవని కూడా తెలిసింది. పంట పురుగుల నివారణకు మిత్ర కీటకాలను వెతికేవారికి ఈ మాట చాలా విలువైనది. తప్పు జాతిని తెచ్చి వదిలితే అది మనకు కావలసిన పురుగు జోలికే పోదు. 2014లో ఈ ఉపకుటుంబంలోని ఒక్క అపాంటెలెస్ ప్రజాతిలోనే 186 కొత్త జాతులను వర్ణించి, చాలావాటికి పారాటాక్సానమిస్టుల పేర్లు, ఆ అడవిని కాపాడే సిబ్బంది పేర్లు పెట్టారు. పురుగులను పెంచిన చేతుల పేర్లు ఆ విధంగా శాస్త్రగ్రంథంలో నిలిచాయి.

2021లో ఇదే దారిలో మరో అడుగు వేసి, కోస్టారికా కందిరీగల్లో 403 కొత్త జాతులను ముఖ్యంగా బార్‌కోడ్ ఆధారంగానే ప్రచురించారు. దీన్ని చాలామంది నిపుణులు తప్పుపట్టారు. రూపవర్ణన లేని పేరు సూక్ష్మదర్శిని మాత్రమే ఉన్న పేద దేశపు విద్యార్థికి ఉపయోగపడదన్నది బలమైన అభ్యంతరం. వేగం కావాలి, నిజమే. అయితే ఎవరికి చదవడానికి వీలుగా రాస్తున్నామన్న ప్రశ్న వేగంతో పోదు.

ఈలోగా గ్వెల్ఫ్‌లో మొదలైన బోల్డ్ అనే సమాచార నిధి ప్రపంచం నలుమూలల నుంచి వచ్చే బార్‌కోడ్‌లకు భాండాగారమైంది. పేరు లేని గుంపులకు కూడా ఒక స్థిరమైన సంఖ్య ఇచ్చే పద్ధతి 2013లో అమలైంది. దాంతో పేరు పెట్టే నిపుణుడు దొరికేలోగా ఆ జాతి గురించి మాట్లాడుకునే వీలు కలిగింది.

మన చేలలో

ఈ చరిత్ర మన నేలను తాకిన సందర్భం ఒకటుంది. అమెరికా ఖండానికి చెందిన ఒక చిమ్మట పురుగు 2016లో ఆఫ్రికాకు చేరి, 2018 మేలో కర్ణాటకలోని శివమొగ్గ మొక్కజొన్న చేలలో కనబడింది. అదే ఏడాది తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ చేలలోకి వచ్చింది. మన రైతులు కత్తెర పురుగు అని పిలిచేది దీన్నే. మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న లద్దెపురుగుకు ఇది దగ్గరి బంధువు. చిన్న పురుగు దశలో రెంటినీ కంటితో వేరుచేయడం కష్టం. రూపలక్షణాలతో పాటు సైటోక్రోమ్ ఆక్సిడేజ్ ముక్కను కూడా చదివి ఇది కొత్తగా వచ్చిన శత్రువేనని శాస్త్రవేత్తలు నిర్ధారించారు. 2021లో మన మిరప తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు మిల్లీమీటరు పొడవుండే జీవి. అలాంటివాటి విషయంలో సరైన పేరు తెలియడమంటే సరైన నివారణ తెలియడమే.

గ్వానకాస్తె కథలో చివరి అధ్యాయం సంతోషకరమైనది కాదు. శాంటా రోసాలో రాత్రి దీపం ముందు కట్టిన తెల్లటి బట్ట 1984 నాటి ఫొటోలో చిమ్మటలతో నిండి ఉంది. 2019 ఫొటోలో అదే చోట బట్ట దాదాపు ఖాళీ. పొడి కాలం సాగిపోవడం, వానల వేళలు తప్పడం, ఎండ ముదరడం ప్రధాన కారణాలని, కీటకాల క్షీణత నిజమని జాన్జెన్, హాల్‌వాక్స్ 2021లో రాశారు. అంత జాగ్రత్తగా కాపాడిన అడవిలోనే ఇలా ఉంటే, కాపాడనివాటి సంగతి వేరే చెప్పనక్కర్లేదు. పాత పుస్తకాలు ఉన్నాయి కాబట్టే ఏం పోయిందో అక్కడ తెలిసింది.

బార్‌కోడ్ చదివే యంత్రాలు నేడు చౌక అయ్యాయి, ఇంకా అవుతాయి. డబ్బు పెడితే రేపు ఎవరైనా కొనుక్కోవచ్చు. నలభై ఏళ్ల కిందట ఒక ఆకు మీద దొరికిన పురుగు వివరం మాత్రం ఆనాడు రాసి ఉంటేనే నేడు దొరుకుతుంది. నల్లమలలోనూ, పాపికొండల్లోనూ, మన ఊరి చెరువుగట్టు మీదా ఆ పని చేయడానికి ప్రయోగశాల అక్కర్లేదు. జీవశాస్త్రం చదివే మన కళాశాల విద్యార్థులు, బడిపిల్లలకు పాఠం చెప్పే ఉపాధ్యాయులు ఒక నోటుపుస్తకం తెరవాలి. కనబడిన పురుగు పక్కన ఏ ఊరు, ఏ తేదీ, ఏ ఆకు అని మూడు మాటలు రాయాలి. దాని పేరు తర్వాత ఎవరైనా చెబుతారు.